బెంగళూరులో పీజీలు నడుపుతున్న తెలుగువారికి: ఒక పడక గురించి

అన్నలకూ అక్కలకూ నమస్కారం.

మారతహళ్లి, మున్నెకొలాల, కుందలహళ్లి గేటు, బీటీఎం లేఅవుట్, మడివాళ. ఈ నగరంలో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎక్కడ వెలిస్తే దాని వెనక వీధిలో మీ బోర్డు వెలుస్తుంది. కడప నుంచి, చిత్తూరు నుంచి, నెల్లూరు నుంచి, మా అనంతపురం నుంచి వచ్చి, అప్పో సప్పో చేసి భవనం లీజుకు తీసుకుని, నీళ్ల ట్యాంకరు వాడితో, వంటమాస్టరుతో, చెప్పాపెట్టకుండా ఖాళీ చేసే కుర్రాళ్లతో వేగుతూ పీజీలు, అంటే పేయింగ్ గెస్ట్ హాస్టళ్లు, నడుపుతున్నారు. మీ పప్పూ గోంగూర పచ్చడీ తినకుండా ఇక్కడ స్థిరపడిన తెలుగు ఉద్యోగి అరుదు. అందుకే ఈ ఉత్తరం ప్రభుత్వానికి కాకుండా మీకు రాస్తున్నాను. ప్రభుత్వం దగ్గర చట్టాలు ఉన్నాయి. పడకలు మీ దగ్గర ఉన్నాయి.

నేను ట్రాన్స్ మహిళను. అంటే పుట్టినప్పుడు మగపిల్లాడినన్నారు, నేను మాత్రం ఆడదాన్ని. ఒక కంపెనీలో జీతాల లెక్కలు చూస్తాను. నెల తిరిగేసరికి జీతం పడుతుంది, పాన్ కార్డు ఉంది, జిల్లా మేజిస్ట్రేటు ఇచ్చిన గుర్తింపు కార్డు ఉంది. సిగరెట్టు, మందు అలవాటు లేదు. రాత్రి పదింటికి నిద్రపోతాను. మీరు అద్దెకు వచ్చేవారిలో వెతికే గుణాలన్నీ ఉన్నాయని చెప్పుకోవడానికి సిగ్గుపడను. పడక మాత్రం దొరకడం లేదు.

మీ బోర్డు మీది నంబరుకు ఫోన్ చేస్తాను. నా గొంతు విని, "ఇది లేడీస్ పీజీ బాబూ, పక్క వీధిలో జెంట్స్ పీజీ ఉంది చూడు" అంటారు. పక్క వీధికి వెళ్తే నా చీర చూసి, "ఇది జెంట్స్ పీజీ అమ్మా" అంటారు. ఒకే సాయంత్రం బాబునూ అమ్మనూ అయ్యాక, మూడోచోట నేరుగా లోపలికి వెళ్లి ఉన్న విషయం చెప్పేస్తాను. అప్పుడు అక్కడి మేనేజరు ముఖంలో ఏదో దీపం ఆరిపోతుంది. "సార్ ఊళ్లో లేరు. వచ్చాక ఫోన్ చేయిస్తాము." ఊరు నుంచి ఇప్పటివరకు ఏ సారూ తిరిగి రాలేదు.

ఒక్కచోట మాత్రం కుర్రాడైన మేనేజరు, తెలియకో మంచితనంతోనో, రిజిస్టరులో నా పేరు రాసుకున్నాడు. గోడ మీద అంటించిన క్యూఆర్ కోడుకు అడ్వాన్సు కట్టించుకున్నాడు. రెండో అంతస్తులో కిటికీ పక్క మంచం చూపించి, అలమర తాళంచెవి చేతిలో పెట్టాడు. వేడినీళ్లు ఉదయం ఏడు దాకానే వస్తాయనీ, ఆదివారం చికెన్ ఉంటుందనీ, ఆలస్యమైతే మిగలదనీ జాగ్రత్తలు చెప్పాడు. బ్యాగులు తెచ్చుకుందామని వెళ్తే దారిలోనే ఫోన్ వచ్చింది. ఓనరు గారు ఒప్పుకోలేదట. డబ్బు మర్నాడు వెనక్కి వచ్చింది, అందులోంచి శుభ్రపరిచే ఖర్చు కోసుకున్నారు. ఒక్క పూట కూడా పడుకోని మంచానికి ఏం శుభ్రం చేశారో ఇప్పటికీ అంతుపట్టదు. ఆ పీజీ పేరు చెప్పను. చెబితే మిగతావారంతా 'అది మేము కాదు కదా' అని నిశ్చింతగా ఉంటారు.

ఇంకో సంగతి కూడా చూశాను. శ్రావణ మాసంలో మా ఆఫీసు దగ్గర ఒక కొత్త పీజీ ప్రారంభమైంది. మామిడి తోరణాలు, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ, లోపల సత్యనారాయణ వ్రతం. మావాళ్లు చప్పట్లు కొట్టుకుంటూ వెళ్లారు. ఓనరు గారు విసుక్కోలేదు సరికదా, భార్యను పిలిచి పళ్లెంలో తాంబూలం, చీర, నోట్లు పెట్టించి ఇచ్చారు. వాళ్లలో పెద్దామె ఆ డబ్బులోంచి ఒక రూపాయి నాణెం తీసి, ఆయన మనవడి తల చుట్టూ మూడుసార్లు తిప్పి, మెటికలు విరిచి, నాణెం ఆయన చేతిలోనే పెట్టింది. ఆయన దాన్ని కళ్లకద్దుకుని, పసుపు గుడ్డలో మూటకట్టి, బల్ల సొరుగులో దాచారు. రసీదు పుస్తకం ఉండేదీ ఆ సొరుగులోనే. మా చేతి రూపాయికి అందులో చోటుంది. మా పేరు రాయడానికి మాత్రం ఆ పుస్తకంలో పేజీ లేదు.

మీ భక్తిని వేళాకోళం చేయడం లేదు. మనవాళ్లకు మా పట్ల ఉన్న భయభక్తులు కల్పితం కావు, వాటి వెనుక చాలా చరిత్ర ఉంది. ఈ బెంగళూరు సంగతే చూడండి. ఏటా చైత్ర పౌర్ణమి రాత్రి తిగళరపేట ధర్మరాయస్వామి గుడి నుంచి కరగ బయలుదేరుతుంది. మోసేది పురుషుడే. చీర కట్టి, గాజులు తొడిగి, మెడలో తాళి వేసుకుని, తల మీద మల్లెల కరగతో ద్రౌపదీదేవిగా నడుస్తాడు. చుట్టూ కత్తులు పట్టిన వీరకుమారులు. దారిలో కాటన్‌పేట మస్తాన్ దర్గా దగ్గర ఆగి మరీ ముందుకు వెళ్తుంది. ఆ రాత్రి నగరమంతా నిద్ర మానుకుని ఆ చీర కట్టిన మనిషికి దండం పెడుతుంది. మీలో చాలామంది పిల్లలను భుజాన ఎక్కించుకుని చూసినవారే.

అనంతపురానికి ఆనుకునే ఉన్న బళ్లారి జిల్లాలో కల్లుకంబ అనే ఊరు ఉంది. మావాళ్లలో ఒకరైన మంజమ్మ జోగతి అక్కడ పుట్టారు. ఇల్లు వదలాల్సి వచ్చి, బిచ్చమెత్తి, ఎల్లమ్మ పాటలూ, ఆ తల్లికి అంకితమైన జోగతుల నృత్యమూ నేర్చుకుని, చివరికి కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలయ్యారు. 2021 నవంబరులో పద్మశ్రీ అందుకోవడానికి రాష్ట్రపతి భవన్‌కు వెళ్లినప్పుడు, అవార్డు తీసుకునే ముందు చీర కొంగుతో రాష్ట్రపతికి దిష్టి తీశారు. దేశమంతా ఆ వీడియో చూసి మురిసిపోయింది. మన రాయలసీమలో, తెలంగాణలో ఇంటింటా కొలిచే ఎల్లమ్మ తల్లే ఆమె దేవత కూడా. తమిళనాట భరతనాట్యంలో నర్తకి నటరాజ్ 2019లోనే పద్మశ్రీ అందుకున్నారు, మావాళ్లలో ఆ గౌరవం మొదట దక్కింది ఆమెకే. తంజావూరు గురుపరంపరలో కూర్చుని నేర్చుకున్న విద్య అది.

మన తెలుగువాళ్లం తక్కువ తిన్నామా? కూచిపూడి నాట్యంలో వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా జడ ముందుకు వేసుకుని నిలబడితే ఆడవాళ్లే అసూయపడేవారని పెద్దలు నేటికీ చెప్పుకుంటారు. నాటకాలలో స్త్రీ పాత్రలు వేసిన స్థానం నరసింహారావుకు 1956లోనే పద్మశ్రీ వచ్చింది. వాళ్లు మాలాంటివారని చెప్పడం నా ఉద్దేశం కాదు. వాళ్లు నటులు, రంగు కడుక్కుని ఇంటికి వెళ్లారు. నాది నటన కాదు కాబట్టి కడుక్కోవడానికి రంగు లేదు, వెళ్లడానికి ఇల్లు లేదు. మగవాడు వేదిక మీద ఆడదైతే పద్మశ్రీ ఇచ్చిన జాతి, సినిమాకు వచ్చేసరికి నాలాంటి పాత్రను హాస్యానికి, వెకిలి చూపులకు తప్ప పెద్దగా దేనికీ వాడలేదు. ఆ సినిమాలు చూసి పెరిగినవారే మీ మేనేజర్లు, మీ వార్డెన్లు. వాళ్లను పూర్తిగా తప్పు పట్టలేను.

మా అనంతపురం వైపు వానలు మొహం చాటేస్తే గుడిలో విరాటపర్వం చదివిస్తారు. మీకు తెలిసే ఉంటుంది. ఆ పర్వంలో కథ ఏమిటి? ఊరు కాని ఊరిలో ఏడాదిపాటు తలదాచుకోవాల్సిన ఆరుగురు మనుషులు. అందులో ఒకరు బృహన్నల. విరాటుడు ఆమెకు నాట్యం నేర్పే ఉద్యోగం ఇచ్చాడు, అంతఃపురంలో బస కూడా ఇచ్చాడు. ఊరికే ఇవ్వలేదు, ముందు పరీక్ష చేయించాడని భారతం చెబుతుంది. ఆ విషయంలో విరాటుడికీ మీకూ పెద్ద తేడా లేదు, మీరు అడిగే ప్రశ్నలు కూడా అలాంటివే. తేడా ఏమిటంటే, పరీక్ష అయ్యాక ఆయన గది ఇచ్చాడు. ఉద్యోగమూ బసా కలిపి ఇచ్చాడు కాబట్టి ఆ ఏడాది గడిచింది.

ఇప్పుడు మాకు అందుతున్నది సగమే. కంపెనీలు మమ్మల్ని తీసుకోవడం మొదలుపెట్టాయి. కర్ణాటక 2021లో ప్రభుత్వ ఉద్యోగాలలో మాకు 1 శాతం రిజర్వేషన్ తెచ్చింది, దేశంలో ఇదే మొదటిది. హైదరాబాదులో 2024 డిసెంబరులో ట్రాఫిక్ సహాయకులుగా మావాళ్లను తీసుకున్నారు. సంతోషం. కానీ కొచ్చిలో జరిగింది మరచిపోవద్దు. 2017లో కొచ్చి మెట్రో మావాళ్లకు ఉద్యోగాలు ఇస్తే పత్రికలన్నీ మెచ్చుకున్నాయి. కొద్ది రోజులకే వారిలో కొందరు మానేశారు. పని రాక కాదు. నగరంలో ఎవరూ ఇల్లు అద్దెకు ఇవ్వలేదు, లాడ్జిలో ఉంటే వచ్చే జీతం గదికే సరిపోలేదు.

మీరు కారులో సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, అద్దం మీద తట్టిన మనిషిని చూసి అనుకునే మాట నాకు తెలుసు. 'ఒళ్లు బాగానే ఉంది కదా, ఏదైనా పని చేసుకోవచ్చు కదా.' చేసుకోవచ్చు. కానీ పనికి వెళ్లాలంటే ముందు రాత్రి ఎక్కడో పడుకోవాలి. పదహారు, పదిహేడేళ్లకు ఇంట్లోంచి గెంటేసిన పిల్లకు ఈ నగరంలో తలుపు తీసేది మావాళ్లలో పెద్దదిక్కైన గురువు ఇల్లు ఒక్కటే. అన్నం పెడుతుంది, జ్వరమొస్తే కూర్చుంటుంది, పేరు పెడుతుంది. మా గురువు లేకపోతే నేను బతికి ఉండేదాన్ని కాదు. అయితే ఆ ఇంటికీ అద్దె కట్టాలి. అదీ రెండింతలు, ఎందుకంటే మాకు ఇల్లిచ్చే ఓనరుకు మేము వేరే చోటికి పోలేమని తెలుసు. ఆ అద్దె కోసం చేలాలు, అంటే గురువు దగ్గరి శిష్యులు, తెల్లారితే దుకాణాలకూ సిగ్నళ్లకూ వెళ్లాలి, కొందరు చీకటి పడ్డాక ఇంకో పనికి వెళ్లాలి. నేను ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటున్నాను. రెండు గదులు, ఒకటే స్నానాల గది, ఆఫీసుకు రెండు బస్సులు మారాలి. నా తర్వాత ఉద్యోగంలో చేరిన అమ్మాయి ఈ తిరుగుడు పడలేక మానేసి మళ్లీ సిగ్నల్‌కే వెళ్లింది. పనిలో ఆమె నాకన్నా చురుకైనది. ఆఫీసుకు నడిచి వెళ్లేంత దూరంలో ఒక పడక ఉంటే ఆమె ఈరోజు నా పక్క కుర్చీలో ఉండేది.

పోలీసుల తలనొప్పి ఎందుకని మీరు అంటారు. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. తెల్లదొరలు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చినప్పుడు అందులో మాకూ ఒక భాగం కేటాయించి, మా పేర్లు రిజిస్టరులో ఎక్కించమన్నారు. నిజాం రాజ్యంలో 1919లో అలాంటి చట్టమే వచ్చింది. రిజిస్టరులో ఉన్న మనిషి ఆడబట్టలతో, నగలతో వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది 2023 జులైలో. మొన్నటి మాట! కర్ణాటకలో అయితే స్వతంత్రం వచ్చి అరవై ఏళ్లు దాటాక, 2011లో, పోలీసు చట్టంలో 36ఏ అనే సెక్షన్ చేర్చి మళ్లీ మా పేర్లతో రిజిస్టరు పెట్టమన్నారు. కోర్టుకు వెళ్లి పోరాడితే తర్వాత సవరించారు. అంతకుముందు 2008లో దాసరహళ్లి ప్రాంతంలో హిజ్రాలను ఖాళీ చేయించమని పోలీసులే ఇంటి యజమానుల మీద ఒత్తిడి తెచ్చారని మానవ హక్కుల సంఘాలు బయటపెట్టాయి. కాబట్టి మీ భయం గాలిలోంచి పుట్టలేదు. కానీ కాలం మారింది. సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసు తీర్పులో మా గుర్తింపును చెప్పుకునే హక్కు మాదేనంది. 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం మూడో సెక్షన్ ప్రకారం అద్దెకు ఇచ్చే విషయంలో మా మీద వివక్ష చూపకూడదు. ఉన్న చోటి నుంచి బలవంతంగా వెళ్లగొడితే ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు అని అదే చట్టం చెప్పింది. అసలు చోటే ఇవ్వకపోతే ఏం చేయాలో మాత్రం గట్టిగా చెప్పలేదు. ఆ సందులోనే మేము నిలబడి ఉన్నాం.

చట్టం చూపించి మీ పీజీలో చేరాలని నాకు లేదు. కోర్టు కాగితంతో వచ్చిన మనిషికి మీరు వేసే భోజనం ఎలా ఉంటుందో ఊహించగలను.

'మిగతా అమ్మాయిలు ఒప్పుకోరు' అనేది మీరు చెప్పే రెండో కారణం. వాళ్లను అడిగారా? మీ పీజీలో ఉండే అమ్మాయిలే మా కంపెనీలో పని చేస్తారు. పొద్దున మీ ఇడ్లీ తిని వచ్చి మధ్యాహ్నం నా పక్కన కూర్చుని నా టిఫిన్ బాక్సులోంచి ఉలవచారు వేసుకుంటారు. ఆడవాళ్ల టాయ్‌లెట్‌లో అద్దం ముందు నా కాటుక అడిగి పెట్టుకుంటారు. ఎవరికైనా ఇబ్బంది అనిపిస్తే, అది నిజమైన ఇబ్బందే కావచ్చు, నాకు సింగిల్ రూము ఇవ్వండి. అందరి దగ్గర తీసుకునే సింగిల్ రూము అద్దే తీసుకోండి. 'మూడు పడకల గది మొత్తం నువ్వే తీసుకో, మూడింటికీ కట్టు' అనకండి. మాలో గొడవలు పడేవారు లేరని నేను చెప్పను. తాగి మెట్ల మీద పడిపోయే ఇంజనీర్లు మీ పీజీలలో లేరని మీరు చెప్పగలరా? వాళ్లను ఎలా దారిలో పెడతారో మమ్మల్నీ అలాగే పెట్టండి. నెల నోటీసు ఇచ్చి పంపేయండి. చేసిన పనికి పంపండి, పుట్టుకకు పంపకండి.

మీకు తెలియకుండానే మావాళ్లు కొందరు ఇప్పటికే మీ దగ్గర ఉన్నారు. ట్రాన్స్ పురుషుల గురించి చెబుతున్నాను. ఆధార్‌లో ఆడపిల్ల అని ఉంటుంది కాబట్టి లేడీస్ పీజీలో చేరతారు. జుట్టు కత్తిరించుకుని చొక్కా వేసుకుంటే వార్డెన్ అక్క 'ఇంట్లో తెలుసా నీ వేషం' అని నలుగురిలో అడుగుతుంది, ఊళ్లో నాన్నకు ఫోన్ చేస్తుంది. ఆ ఫోన్ తర్వాత ఆ పిల్లవాడిని ఊరికి లాక్కెళ్లి, ఉద్యోగం మానిపించి, పెళ్లి సంబంధాలు చూస్తారు. కొందరైతే ఆ రాత్రికే ఏ బస్టాండుకో పారిపోతారు. మీ వార్డెన్‌కు అది పెద్దరికం. అద్దె సరిగా కడుతున్న మనిషి జుట్టు గురించి ఊరికి ఫోన్ చేయవద్దని ఆమెకు ఒక్క మాట చెప్పండి, అంతే చాలు.

2024లో బెంగళూరు నగరపాలక సంస్థ బీబీఎంపీ పీజీలకు నిబంధనలు పెట్టినప్పుడు మీరంతా గగ్గోలు పెట్టారు. మనిషికి 70 చదరపు అడుగుల స్థలం, రోజుకు 135 లీటర్ల నీళ్లు, సీసీ కెమెరాలు. ఆ బాధ వేరు, నీళ్ల ట్యాంకరు ధర చూస్తే నాకే గుండె గుభేలుమంటుంది. నేను అడిగేది ఆ 70 అడుగులే. ఒక్క అడుగు ఎక్కువ వద్దు.

కేంద్రం గరిమా గృహాలని ఆశ్రయాలు పెట్టింది కదా, అక్కడికి వెళ్లవచ్చు కదా అని ఒక అన్న సలహా ఇచ్చారు. అవి ఇంట్లోంచి గెంటేస్తే కట్టుబట్టలతో వచ్చినవారికి. వాళ్ల పడకలో, జీతం ఉన్న నేను పడుకోవడం అన్యాయం.

మీకు సంఘాలు ఉన్నాయి, ఒకో ప్రాంతానికి వాట్సాప్ గ్రూపులు ఉన్నాయి. అద్దె ఎగ్గొట్టి పారిపోయినవాడి ఫోటో అందులో పది నిమిషాలలో నగరమంతా తిరుగుతుందని నాకు తెలుసు. ఈసారి ఆ గ్రూపులో ఇంకో మాట కూడా తిప్పండి: ఫలానా పీజీలో ట్రాన్స్ వ్యక్తులకు గది ఇస్తారు అని. మీలో ఇద్దరు ముగ్గురు ముందుకొస్తే చాలు, మిగతావారు ఆరు నెలలు చూసి నిర్ణయించుకోండి. కొత్తవారు చేరినప్పుడు ఆధార్ తీసుకోండి, ఆఫీసు కార్డు చూడండి, పోలీసులకు పంపాల్సిన వివరాలు పంపండి. అందరిలాగే. శరీరం గురించి మాత్రం అడగకండి. మా సంగతి మిగతావారికి చెప్పాలా వద్దా అన్నది మాకు వదిలేయండి.

ఈ నెలాఖరుకు మీ దగ్గర పడకలు ఖాళీ అవుతాయి. అప్రైజళ్లు అయ్యాక కుర్రకారు కంపెనీలు మారే కాలం ఇది. నాతోపాటు ఉద్యోగాలు చేస్తున్న మరో ఇద్దరు ట్రాన్స్ మహిళలు, ఒక ట్రాన్స్ పురుషుడు గది కోసం వెతుకుతున్నారు. మారతహళ్లి, బెళ్లందూరు, కాడుబీసనహళ్లి చుట్టుపక్కల ఎక్కడైనా సరే. నలుగురి అడ్వాన్సూ సిద్ధంగా ఉంది. ఒకటో తారీఖులోపు మీ బోర్డుల మీది నంబర్లకు మేమే ఫోన్ చేస్తాం. ఎత్తినప్పుడు గొంతు విని పెట్టేయకుండా, ఏ షేరింగ్ కావాలో అడగండి.

ఇట్లు,
మారతహళ్లి వైపు ఉద్యోగం చేసుకుంటున్న ఒక అనంతపురం ఆడపడుచు